ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అసలు మైలేజీ ఎంత?

కారు కొన్నవాళ్ళని మనవాళ్ళు మొదట అడిగేది ధర, ఆ తర్వాత మైలేజీ. పెట్రోల్ కారుకైతే ఒక్క అంకెతో జవాబు చెప్పేయొచ్చు. పెట్రోల్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటార్ ఉండి, ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్‌కైనా అంతే. పెట్రోల్ ఇంజన్‌తో పాటు, ప్లగ్ పెట్టి ఛార్జింగ్ చేసుకునే పెద్ద బ్యాటరీ కూడా ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క అంకె దొరకదు. ఒకే మోడల్, ఒకే ఏడాది తయారైన రెండు కార్లలో ఒకటి గ్యాలన్‌కి 50 మైళ్ళ దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి 200 దాటిపోతుంది. రెండూ నిజమే, ఏ కారులోనూ లోపం లేదు. యజమాని రోజూ ఎంత దూరం తిరుగుతాడు, రాత్రి ఇంటికొచ్చాక ఛార్జింగ్ పెడతాడా లేదా, తేడా అంతా అక్కడే వస్తుంది.

లెక్కలు గాల్లో ఉండకుండా ఒక కారుని పట్టుకుని చూద్దాం. టయోటా ప్రియస్ ప్రైమ్, 2023లో కొత్త రూపంలో వచ్చిన మోడల్. (2025 నుంచి దీన్నే ప్రియస్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అని అమ్ముతున్నారు.) అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి టయోటా, హోండా అంటే ఉన్న నమ్మకం తెలిసిందే కాబట్టి ఇది చాలామందికి పరిచయమున్న బండే. ఇందులో 13.6 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉంటుంది. ఎస్ఈ అనే ప్రారంభ మోడల్ నిండు ఛార్జింగ్ మీద 44 మైళ్ళు, అంటే 71 కిలోమీటర్లు, పెట్రోల్ చుక్క ముట్టకుండా పోతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ లెక్క. బ్యాటరీ అయిపోయాక మామూలు హైబ్రిడ్‌లా నడుస్తూ గ్యాలన్‌కి 52 మైళ్ళు ఇస్తుంది. మన లెక్కలో లీటరుకి 22 కిలోమీటర్లు.

ఈ రెండు అంకెల్నీ విడివిడిగా చూడాలి. రెండూ కలిపి ఒక సగటు తీశారంటే అక్కడే మోసం మొదలవుతుంది.

230 అనే అంకె కథ

2009 ఆగస్టులో జనరల్ మోటార్స్ పెద్ద ఆర్భాటంగా ఒక ప్రకటన చేసింది. రాబోయే షెవర్లే వోల్ట్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు సిటీలో గ్యాలన్‌కి 230 మైళ్ళు ఇస్తుందని. అప్పటికి ఈపీఏ ముసాయిదాగా తయారుచేసుకున్న ఒక పద్ధతి ప్రకారం వేసిన లెక్క అది. మరుసటి ఏడాది నవంబరులో కారు మీద అంటించాల్సిన అసలు స్టిక్కర్ బయటికొచ్చింది. కరెంటు మీద 35 మైళ్ళు, ఆ తర్వాత పెట్రోల్ మీద గ్యాలన్‌కి 37 మైళ్ళు, రెండూ కలిపిన సగటు 60. ఎక్కడ 230, ఎక్కడ 60!

జనరల్ మోటార్స్ అబద్ధమాడిందనలేం. రోజూ 30 మైళ్ళు నడిపి రాత్రి ఛార్జింగ్ పెట్టేవాడికి 230 కూడా తక్కువ అంకే, ఎందుకంటే అతను పెట్రోలే వాడడు. వోల్ట్ డ్యాష్‌బోర్డు అలాంటివాళ్ళకి 250+ అని చూపించి ఊరుకునేది. అదే కారుని ప్లగ్గే లేని అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు కొంటే 37 దగ్గరే ఉండిపోతాడు. కాలేజీ వదిలాక లెక్కలు మరిచిపోయినవాళ్ళకి కూడా ఇందులో చిక్కేం లేదు. కరెంటు మీద నడిచిన మైళ్ళకి భాగహారంలో కింద పెట్రోల్ సున్నా. కింద సున్నా పెడితే పైన ఎంత పెట్టినా జవాబు ఆకాశంలోకి పోతుంది.

అదే స్టిక్కర్ మీద ఎంపీజీఈ అనే కొలత కూడా వచ్చింది. ఒక గ్యాలన్ పెట్రోల్‌లో ఉండే శక్తి 33.7 యూనిట్ల కరెంటుతో సమానం అని తీసుకుని, అంత కరెంటుతో కారు ఎన్ని మైళ్ళు పోతుందో చెప్పే అంకె అది. ప్రియస్ ప్రైమ్ ఎస్ఈకి 127. ఇంజనీర్లకి ఇది పనికొచ్చే కొలతే. జేబుకి మాత్రం ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే 33.7 యూనిట్ల కరెంటు ఖరీదు, గ్యాలన్ పెట్రోల్ ఖరీదు ఎక్కడా ఒకటి కావు. 127 అని చూసి పెట్రోల్ ఖర్చు సగానికి సగం తగ్గిందనుకునేవాళ్ళు నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చూసి ఆశ్చర్యపోతుంటారు.

దూరం పెరిగేకొద్దీ ఏమవుతుంది

ప్రియస్ ప్రైమ్‌నే తీసుకుని, ఉదయం నిండు ఛార్జింగ్‌తో బయల్దేరామనుకుందాం. ఆఫీసుకి రానూపోనూ 40 మైళ్ళయితే పెట్రోల్ ఖర్చు సున్నా, మైలేజీ అనంతం. 80 మైళ్ళయితే మొదటి 44 కరెంటు మీద పోతాయి, మిగతా 36కి ముప్పాతిక గ్యాలన్ కంటే కొంచెం తక్కువ కాలుతుంది. తెర మీద 115 దాకా కనిపిస్తుంది. డాలస్ నుంచి హ్యూస్టన్‌కి సుమారు 240 మైళ్ళు. ఆ ప్రయాణంలో మైలేజీ 64కి దిగుతుంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి ఓ 350 మైళ్ళు ఉంటుంది, అక్కడికి చేరేసరికి 60కి దగ్గరవుతుంది. అదీ టర్న్‌పైక్ అనే టోల్ హైవే మీద వేగం అదుపులో ఉంచుకుంటేనే. పెన్సిల్వేనియా కొండల్లో 75 మీద తోలితే ఇంకా తగ్గుతుంది.

మామూలు ప్రియస్, ప్లగ్ లేనిది, ఈపీఏ లెక్కలో 57 ఇస్తుంది. ప్రైమ్ బ్యాటరీ అయిపోయాక 52. అంటే బ్యాటరీ ఖాళీ అయ్యాక ఆ బరువు ఊరికే మోస్తున్నట్టే. రెండు కార్ల బరువులో 160 కిలోల దాకా తేడా ఉంది. ఇద్దరు మనుషుల్ని ఎప్పుడూ ఎక్కించుకుని తిరగడం అన్నమాట. కాబట్టి ఛార్జింగ్ పెట్టని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అదే కుటుంబంలోని మామూలు హైబ్రిడ్ కంటే ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. ఈ సంగతి షోరూంలో ఎవరూ చెప్పరు.

బ్యాటరీ పెద్దదైతే మంచిదేగా అనిపిస్తుంది. 2012లో వచ్చిన మొదటి ప్రియస్ ప్లగ్-ఇన్ బ్యాటరీ 4.4 యూనిట్లే, కరెంటు మీద 11 మైళ్ళు. 2017 ప్రైమ్ 25 మైళ్ళు, 2023ది 44. కానీ ఇందులో మొదటి పది మైళ్ళు రోజూ వాడుకలోకి వస్తాయి, చివరి పది మైళ్ళు ఏ మూడు రోజులకోసారో వస్తాయి. అమెరికాలో సగటు కారు ఏడాదికి 11, 12 వేల మైళ్ళు తిరుగుతుంది, రోజుకి ముప్పై పైచిలుకు. అందుకే 40 మైళ్ళ దరిదాపుల్లో ఉన్న బ్యాటరీ చాలామందికి సరిపోతుంది. అంతకు మించితే ఆ డబ్బు, ఆ బరువు ఎప్పుడో చేసే ప్రయాణం కోసం రోజూ మోసినట్టు.

కరెంటు ఎప్పుడూ చవకేనా?

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. కరెంటు మీద నడిస్తే దాదాపు ఉచితం అన్న భావన బలంగా పాతుకుపోయింది. ప్రియస్ ప్రైమ్ గోడ సాకెట్ నుంచి తీసుకునే ఒక యూనిట్‌తో సుమారు 3.8 మైళ్ళు పోతుంది. ఛార్జింగ్‌లో పోయే నష్టం కూడా ఈపీఏ ఇందులోనే కలుపుతుంది. టెక్సాస్‌లో యూనిట్ 15 సెంట్లు, గ్యాలన్ పెట్రోల్ 3 డాలర్లు అనుకుంటే, కరెంటు మీద మైలుకి 4 సెంట్లు, పెట్రోల్ మీద 6 సెంట్లకి కాస్త తక్కువ. తేడా ఉంది, అయితే ఊహించుకున్నంత లేదు.

కాలిఫోర్నియా బే ఏరియాకి వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ ఇంటి కరెంటు యూనిట్ 35 సెంట్లు, అంతకంటే ఎక్కువ పడటం మామూలే. 35 సెంట్ల కరెంటుతో మైలుకి 9 సెంట్ల పైనే అవుతుంది. గ్యాలన్ 4 డాలర్ల 60 సెంట్లు పెట్టినా ఈ కారు పెట్రోల్ మీద మైలుకి 9 సెంట్ల లోపే నడుస్తుంది. అంటే బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పర్యావరణానికి మేలు చేయొచ్చు గానీ డబ్బు మిగలదు, ఎదురు మైలుకి అర సెంటు దాకా చేతి నుంచి పడుతుంది.

ఇందులో కరెంటు తప్పు లేదు. ఈ కారు పెట్రోల్ మీద కూడా మరీ పొదుపుగా నడవడమే దీనికి కారణం. టయోటా హైబ్రిడ్ ఇంజన్లు పెట్రోల్‌లో ఉన్న శక్తిలో దాదాపు 40 శాతాన్ని పనిగా మార్చగలవు. ఇంత పొదుపరితో పోటీ పడాలంటే కరెంటు చాలా చవగ్గా ఉండాలి.

ఎవరికి వాళ్ళు వేసుకోడానికి ఒక తేలిక లెక్క ఉంది. మీ ఊళ్ళో గ్యాలన్ పెట్రోల్ ధరని 14తో భాగించండి. వచ్చిన అంకె కంటే యూనిట్ కరెంటు ధర తక్కువుంటే ఛార్జింగ్ లాభం, ఎక్కువుంటే నష్టం. పెట్రోల్ 3 డాలర్లయితే 21 సెంట్లు, 4.60 అయితే 33 సెంట్లు. ప్రియస్ ప్రైమ్‌కీ, టయోటాదే అయిన ప్లగ్-ఇన్ ఎస్‌యూవీ రావ్4 ప్రైమ్‌కీ ఈ 14 సరిపోతుంది. రావ్4 కరెంటూ ఎక్కువే తింటుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది కాబట్టి నిష్పత్తి మారదు. క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ లాంటి పెద్ద ప్లగ్-ఇన్ వ్యాన్‌కైతే 12తో భాగించుకోవాలి.

ఏడాది మొత్తానికి చూద్దాం. 12 వేల మైళ్ళు, అందులో ముప్పావు వంతు కరెంటు మీద. టెక్సాస్ ధరల్లో ప్రైమ్‌కి ఏడాది ఖర్చు 530 డాలర్లు. ప్లగ్ లేని ప్రియస్‌కి 630. అంటే ఏడాదంతా ప్రతి రాత్రీ కేబుల్ తగిలిస్తే మిగిలేది వంద డాలర్లు. 2023లో రెండింటి ప్రారంభ ధరల మధ్య తేడా 4,900 డాలర్లు. ప్రైమ్‌కి పికప్ ఎక్కువ, సరంజామా కొంచెం ఎక్కువ అనుకున్నా, ఇంధనం పొదుపుతోనే ఆ డబ్బు రాబట్టాలంటే కారు కొన్నవాడి పిల్లలు కూడా దాన్నే నడపాలి. అదే గ్యాలన్‌కి 30 మైళ్ళిచ్చే పాత పెట్రోల్ కారు నుంచి దీనికి మారితే ఏడాదికి 650 డాలర్లకి పైనే మిగులుతుంది. ఇందులో ఎక్కువ భాగం హైబ్రిడ్ వల్ల వచ్చిన మిగులు, ప్లగ్ వల్ల వచ్చింది తక్కువ.

మరి బే ఏరియాలో జనం ఇవి ఎందుకు కొన్నారు? ఒకటి, ఆఫీసు పార్కింగ్‌లో ఉచిత ఛార్జింగ్. యూనిట్ ధర సున్నా అయినప్పుడు పై లెక్కలన్నీ చెల్లవు. రెండోది, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లకి కేటాయించిన కార్‌పూల్ లేన్ స్టిక్కర్. ఒక్కడే ఉన్నా ఆ లేన్‌లో పోవచ్చు. రోజుకి అరగంట ఆదా అవుతుందంటే మైలేజీ ఎవడిక్కావాలి? ఆ స్టిక్కర్ల పథకం 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ గడువు తీరింది కూడా అదే తారీఖున. జపాన్‌లో తయారై వచ్చే ప్రైమ్‌కి కొనుగోలు మీద ఆ రాయితీ అప్పటికే దక్కేది కాదు, లీజు దారిలో మాత్రం కొందరు పొందారు.

కంపెనీ పెట్రోల్ కార్డు

ఐరోపాలో జరిగింది వేరే. అక్కడ కంపెనీలు ఉద్యోగులకి కార్లు ఇవ్వడం బాగా అలవాటు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకి పన్ను తక్కువ. జర్మనీలో కంపెనీ కారుని సొంత పనులకి వాడుకుంటే, మామూలుగా నెలకి దాని ధరలో 1 శాతాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. షరతులకి సరిపడే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకి అది సగమే. దాంతో ఉద్యోగులు వీటికోసం ఎగబడ్డారు. పెట్రోల్‌కి కంపెనీ కార్డు, ఇంట్లో పెట్టుకునే ఛార్జింగ్‌కి సొంత కరెంటు బిల్లు. అత్త సొమ్ము అల్లుడి దానం. ఎవరు ప్లగ్ పెడతారు? బ్రిటన్‌లో లీజు ముగిసి తిరిగొచ్చిన కొన్ని కార్ల డిక్కీల్లో ఛార్జింగ్ కేబుల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలాగే కనబడిందని వార్తలొచ్చాయి.

2021 నుంచి ఐరోపాలో కొత్త కార్లు ఎంత ఇంధనం వాడాయో తమలోనే నమోదు చేసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఆ వివరాలు తీసి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కాగితం మీద చెప్పినదాని కంటే మూడున్నర రెట్లు ఎక్కువ ఇంధనం కాలుస్తున్నాయని ఐరోపా కమిషన్ 2024లో తేల్చింది. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో ఆ తేడా 20 శాతం దరిదాపుల్లోనే ఉంది. అంతకు రెండేళ్ళ ముందే, రవాణా కాలుష్యం మీద పరిశోధన చేసే ఐసీసీటీ, జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ కలిసి చేసిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. సొంతంగా కొనుక్కున్నవాళ్ళ కార్లలో వాడకం కాగితం లెక్కకి మూడు రెట్లుంటే, కంపెనీ కార్లలో ఐదు రెట్లు.

కాగితం మీద అంకె ఎందుకంత తక్కువ వచ్చింది? పరీక్షలో కారు కరెంటు మీద ఎంత శాతం నడుస్తుందో ముందే ఊహించుకుని ఒక గుణకం పెట్టారు. ఆ గుణకం జనం దాదాపు ప్రతిరోజూ బుద్ధిగా ఛార్జింగ్ పెడతారన్న నమ్మకం మీద నిలబడింది. 2025 నుంచి ఐరోపా ఆ గుణకాన్ని దశలవారీగా బిగిస్తోంది. కారు మారదు, దాని కాగితం అంకె మాత్రం పెరుగుతుంది.

ఈ అనుభవాన్ని చూసి ప్లగ్-ఇన్ హైబ్రిడ్లే దండగ అనేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ తీర్పు తొందరపాటే. అదే కారు సొంత ఇల్లు, సొంత సాకెట్, సొంత జేబు ఉన్నవాడి చేతిలో చాలా తక్కువ పెట్రోల్‌తో నడుస్తుంది. పన్ను రాయితీని కారు కొన్నందుకు కాకుండా ఛార్జింగ్ పెట్టినందుకు ఇచ్చి ఉంటే ఫలితం వేరేలా ఉండేది.

చలికాలం, హైవే, హీటర్

ఛార్జింగ్ క్రమం తప్పకుండా పెట్టేవాళ్ళకి కూడా ఏడాది పొడవునా ఒకే మైలేజీ రాదు. న్యూజెర్సీలో జనవరికీ మే నెలకీ చాలా తేడా. చలికి బ్యాటరీ మందగిస్తుంది, టైర్లలో గాలి తగ్గుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా కారు లోపల వెచ్చగా ఉంచడానికి శక్తి కావాలి. పెట్రోల్ కారులో ఇంజన్ వేడే వృథాగా పోతుంటుంది కాబట్టి హీటర్ ఉచితం. కరెంటు మీద నడుస్తున్నప్పుడు ఆ వేడిని బ్యాటరీయే పుట్టించాలి. 44 మైళ్ళ కారు చలిలో 30, 35కి దిగడం మామూలే.

కొన్ని కార్లు ఇక్కడ ఇంకో చిక్కు తెచ్చిపెడతాయి. పసిఫికా హైబ్రిడ్‌లో క్యాబిన్ వేడి కోసం ఇంజనే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ నిండా ఉన్నా, పిల్లల్ని స్కూల్లో దింపడానికి రెండు మైళ్ళు పోతున్నా సరే. వోల్ట్ కూడా బయట చలి ఒక హద్దు దాటితే ఇంజన్ వేసుకునేది. ప్రియస్ ప్రైమ్‌లో బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉంది కాబట్టి చాలావరకు ఇంజన్ జోలికి పోదు, మరీ గడ్డకట్టే చలిలో తప్ప. కొనేముందు అడగాల్సిన అసలు ప్రశ్నల్లో ఇదొకటి: హీటర్ వేస్తే ఇంజన్ స్టార్ట్ అవుతుందా? చలి ప్రాంతాల్లో ఉండేవాళ్ళకి డ్యాష్‌బోర్డు తెర సైజు కంటే ఇది ముఖ్యం.

చలిలో బయల్దేరే ముందు, కేబుల్ ఇంకా తగిలించి ఉండగానే ఫోన్ నుంచి హీటర్ వేసుకుంటే ఆ కరెంటు ఎక్కువగా గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ చాలా తక్కువ తింటాయి. టెక్సాస్ ఎండల్లో ఏసీ గురించి అంత బెంగ అక్కర్లేదు. లోపల చల్లబడ్డాక అది తీసుకునే కరెంటు, చలికాలపు హీటర్‌తో పోలిస్తే తక్కువే.

వేగం సంగతి వేరే చెప్పాలి. పెట్రోల్ కార్లతో అలవాటైనవాళ్ళకి హైవే మీద మైలేజీ ఎక్కువ, సిటీలో తక్కువ అన్నది నరనరాన జీర్ణించుకుపోయింది. కరెంటు మీద ఇది తలకిందులు. ట్రాఫిక్‌లో ఆగి, కదిలి, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. హైవే మీద గాలిని చీల్చుకుపోవడానికే బ్యాటరీ కరిగిపోతుంది. అందుకే కారులో ఈవీ (కరెంటు మీద), హెచ్‌వీ (మామూలు హైబ్రిడ్‌లా) అని రెండు పద్ధతులు మార్చుకునే బటన్ పెడతారు. ఎనభై మైళ్ళ ప్రయాణంలో మధ్యలో యాభై ఫ్రీవే అయితే, ఫ్రీవే ఎక్కగానే హెచ్‌వీకి మార్చి, దిగాక మళ్ళీ ఈవీకి రావడం తెలివైన పని. ఇంజన్ నిలకడగా నడిచే చోట దాన్ని వాడుకుని, అది ఇబ్బంది పడే చోట కరెంటు వాడుకోవడం.

దీన్ని అతిగా పట్టించుకునేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కరెంటుని దాచిదాచి సగం ఛార్జింగ్‌తో ఇంటికి చేరతారు. ఇంట్లో ప్లగ్ ఎదురుచూస్తోంది, బ్యాటరీలో మిగిలిన కరెంటు ఆ రోజుకి ఎందుకూ పనికిరాలేదు, దాని బదులు పెట్రోల్ కాలింది. ఇంటికొచ్చేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేలా చూసుకుంటే చాలు, మధ్యలో ఏ మైలు దేని మీద నడిచిందన్నది పెద్దగా తేడా తేదు. ఇంజన్‌తో బ్యాటరీ నింపుకునే బటన్ కూడా ఉంటుంది. ఎక్కడో అవసరమైతే తప్ప దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. పెట్రోల్‌ని కరెంటుగా మార్చి, దాన్ని బ్యాటరీలో దాచి, మళ్ళీ తీసి చక్రాలకిస్తే ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది.

ఇంకోటి, ఇంటికి మైలు దూరంలో బ్యాటరీ అయిపోతే చల్లారి ఉన్న ఇంజన్ అప్పుడు మొదలవుతుంది. అది వేడెక్కి, పొగ శుద్ధి చేసే కన్వర్టర్‌ని వేడెక్కించేలోపే ఇల్లు వచ్చేస్తుంది. ఆ ఒక్క మైలు అన్నిటికంటే ఖరీదైన మైలు.

నడుపుతుంటే

ఖర్చు లెక్కలన్నీ చూశాక కూడా వీటిని ఇష్టపడి నడిపేవాళ్ళు ఇంతమంది ఉన్నారంటే కారణం మైలేజీ ఒక్కటే కాదు. కరెంటు మోటార్ తొక్కిన క్షణంలోనే లాగుతుంది. 2023 ప్రైమ్ 220 హార్స్‌పవర్‌తో సున్నా నుంచి 60 మైళ్ళ వేగాన్ని 6.6 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ లెక్క. ప్రియస్ అంటే ఫ్రీవేలో కుడి లేన్ పట్టుకుని పోయే బండి అన్న పాత పేరు దీంతో చెరిగిపోయింది. రావ్4 ప్రైమ్ ఇంకో అడుగు ముందుకేసి 302 హార్స్‌పవర్ ఇచ్చింది. కుటుంబంతో సరుకులు తెచ్చుకునే ఎస్‌యూవీకి అంత అవసరమా అంటే, లేదు. కానీ సరదాగా ఉంటుంది.

మొదటి తరం ప్రియస్ ప్లగ్-ఇన్‌లో కాలు కాస్త గట్టిగా నొక్కితే ఇంజన్ మేలుకునేది, 62 మైళ్ళ వేగం దాటినా అంతే. దాంతో కరెంటు మీద 11 మైళ్ళన్నది పేరుకే మిగిలింది. ఇప్పటివాటిలో మోటార్ ఒక్కటే ఫ్రీవే వేగాన్ని అందుకోగలదు. ఈ తేడాని అంకెల్లో చూడటం కష్టం గానీ నడిపితే వెంటనే తెలుస్తుంది. నిశ్శబ్దంగా పోతున్న కారులో ఉన్నట్టుండి ఇంజన్ అరవడం మొదలుపెడితే కలిగే చిరాకు ఒక్కసారి అలవాటైనవాళ్ళకే తెలుసు. బ్యాటరీ అయిపోయాక చాలామంది పెట్టే ఫిర్యాదు కూడా ఇదే, మైలేజీ గురించి కాదు.

దూర ప్రయాణానికి టెన్షన్ లేకపోవడం పెద్ద సుఖం. ట్యాంకు 10.6 గ్యాలన్లే అయినా, ఛార్జింగ్ కలుపుకుని 600 మైళ్ళ దాకా పోవచ్చు. దారిలో ఛార్జింగ్ స్టేషన్ పని చేస్తుందా, క్యూ ఉందా అన్న ఆలోచన అక్కర్లేదు. అసలు వీటిలో చాలావాటికి ఫాస్ట్ ఛార్జింగ్ ఉండదు కూడా. ప్రైమ్‌ని ఇంట్లో మామూలు 120 వోల్టుల సాకెట్‌కి పెడితే 11 గంటలు, 240 వోల్టులైతే 4 గంటలు. రాత్రి పదికి పెట్టి పొద్దున తొమ్మిదికి తీసేవాళ్ళు కొత్త వైరింగ్ కోసం ఎలక్ట్రీషియన్‌ని పిలవక్కర్లేదు. పూర్తి ఎలక్ట్రిక్ కారుకి ఇంట్లో పెద్ద ఛార్జర్ పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది లాభాల్లో రాయాల్సిన సంగతే, ఎవరూ రాయరు.

చిన్నచిన్న వింతలు కూడా ఉంటాయి. పెట్రోల్ ముట్టని యజమానుల ట్యాంకులో అది నెలల తరబడి పాతబడుతుంది. వోల్ట్ దీనికి సొంత ఏర్పాటు చేసుకుంది. ట్యాంకుని గాలి చొరబడకుండా మూసి ఉంచేది, ఏడాదికి మించి పెట్రోల్ అలాగే ఉండిపోతే ఇంజన్‌ని తనంతట తానే నడిపి ఖర్చు పెట్టేది. ఇంజన్‌ని మరీ ఎక్కువ కాలం కదపకపోయినా కాసేపు నడపమని అడిగేది. బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, మోటారే ఎక్కువగా ఆపుతుంది కాబట్టి. ఆయిల్ మార్పించడం, ఇంజన్ సర్వీసు మాత్రం తప్పవు. రెండు రకాల యంత్రాలూ ఒకే కారులో ఉన్నప్పుడు సర్వీసు ఖర్చు ఎలక్ట్రిక్ కారంత తగ్గుతుందని ఆశపడకూడదు.

ఇదే కారు హైదరాబాద్‌లో ఉంటే

ఈ కారు ఇక్కడ అమ్మకానికి లేదు. అయినా లెక్క వేసి చూస్తే విచిత్రమైన సంగతి బయటపడుతుంది. లీటరు పెట్రోల్ 107 రూపాయలు అనుకుంటే, లీటరుకి 22 కిలోమీటర్ల చొప్పున కిలోమీటరుకి 4 రూపాయల 80 పైసల పైనే. కరెంటు యూనిట్‌కి 6 కిలోమీటర్లు పోతుంది. ఇంట్లో పెద్ద శ్లాబులో యూనిట్ 10 రూపాయలు పడినా కిలోమీటరుకి 1 రూపాయి 65 పైసలు. దాదాపు మూడోవంతు. ఫ్రీమాంట్‌లో నష్టం, డాలస్‌లో అంతంతమాత్రం అయిన ప్లగ్గు, హైదరాబాద్‌లో గట్టిగా గిట్టుబాటవుతుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు, ముప్పావు వంతు కరెంటు మీద అనుకుంటే, ప్లగ్ లేని హైబ్రిడ్‌తో పోలిస్తే 23, 24 వేల రూపాయలు మిగులుతుంది. తిరిగే దూరం టెక్సాస్ లెక్కలోని దూరంలో మూడింట రెండొంతులకి లోపే అయినా, మిగిలేది రెండు రెట్లకి పైనే. పైగా చలికాలంలో హీటర్ బాధ లేదు, ట్రాఫిక్‌లో ఆగి కదిలే దారులు కరెంటు మోటార్‌కి నచ్చే దారులు.

గిట్టుబాటయ్యే చోట కారే లేదు. భారత్‌కి ఇప్పటిదాకా వచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్లంటే వోల్వో ఎక్స్‌సీ90 టీ8, 2022 చివర్లో 2 కోట్ల 60 లక్షల ఎక్స్-షోరూం ధరకి వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్ఎం లాంటివి. ఆ ధర పెట్టేవాళ్ళు కిలోమీటరుకి మూడు రూపాయల పొదుపు చూసుకోరు. మధ్యతరగతి కొనగలిగే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్లలో ప్లగ్ ఉండదు. పన్నులూ ఇటువైపు లాగడం లేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారాక కూడా ఎలక్ట్రిక్ కారుకి 5 శాతం ఉంటే, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కి, అందులో ప్లగ్ ఉన్నా లేకపోయినా, 40 శాతం. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో ప్లగ్ లేని స్ట్రాంగ్ హైబ్రిడ్లతో పాటు ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకీ రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రకటించిన రోడ్డు పన్ను మినహాయింపు ఎలక్ట్రిక్ వాహనాల కోసం తెచ్చింది, 2026 డిసెంబరు 31 దాకా దాని గడువు.